చెదరని గోళ్ళరంగు

ఆక్సిజన్ కంపెనీకి జత కుదిరిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరును లిఫ్టులో చంపినవాళ్ళు అతని లాప్‌టాప్ ముట్టుకోలేదు. మెడలో ఉన్న పోటీ బ్యాడ్జి మాత్రం తీసుకుపోయారు.

"ఆ బ్యాడ్జి ఇప్పుడు మన చిలక మెడలో ఉంది," అన్నాడు డైరెక్టర్. "విదేశీ ముఠా తమ మనిషే అనుకుని దానికిచ్చింది."

ఎదురుగా కూర్చున్నది ఏజెంట్ తొమ్మిది. వయసు నలభై ఆరు. ఇంట్లోవాళ్ళ దృష్టిలో ఆవిడ లాండ్రీ నడుపుకునే మనిషి. చిలక అనే మారుపేరుతో తిరిగే డబుల్ ఏజెంటుకు గొంతు మార్చడం దగ్గర్నుంచి గోడ దూకడం దాకా నేర్పింది ఆవిడే.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. ఊళ్ళో వ్యాపారులకూ సాఫ్ట్‌వేర్ వాళ్ళకూ జతలు కట్టి నడిపే రెండు రోజుల పోటీ అది. మొదటి రోజు కీబోర్డు ముట్టకూడదు. డెవలపర్ తన జత వ్యాపారి దగ్గర ఒళ్ళొంచి పనిచెయ్యాలి. రెండో రోజు ఆ పనికి తగ్గ ప్రోగ్రాం రాసి, సాయంత్రం స్టేజీ మీద, బ్యాడ్జి చూపించి ముందే నమోదు చేయించుకున్న తన బొటనవేలి ముద్రతో దాన్ని నిజంగానే మొదలుపెట్టాలి. ముఠా ఆక్సిజన్ యార్డులో మెయిన్ వాల్వు కింద ఒక చిప్ బిగించింది. ప్రోగ్రాం మొదలైన మరుక్షణం ఆ చిప్ ఆరు ఆస్పత్రులకు గాలి కట్టేస్తుంది. తెరమీద మాత్రం అంతా నిండుగానే కనిపిస్తుంది.

"మొదటి రోజు సిలిండర్లు దొర్లిస్తూ చిలక ఆ చిప్ పీకేస్తుంది. పీకాక నీకు కోడ్‌వర్డ్ చెబుతుంది. ముఠావాళ్ళు డెమో చూడ్డానికి వస్తారు. మొహాలు తెలీవు. పోటీ ఆపితే మాయమైపోతారు."

"ఆ ఆరింట్లో ఒకదాంట్లో మా అత్తగారుంది సార్. ఐసీయూలో."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా."

రెండో రోజు సాయంత్రం హాలు కిటకిటలాడుతోంది. ఏజెంట్ తొమ్మిది తన లాండ్రీ స్టాల్లో ఆవిరి ఇస్త్రీపెట్టెతో చొక్కాలు రుద్దుతోంది. పక్క స్టాల్లో బేకరీకి పనిచేసిన అమ్మాయి ముంజేతి నిండా కాలిన మచ్చలు. చెప్పుల దుకాణానికి పడ్డవాడి వేలికి కట్టు. ఏజెంటుకు జత పడిన గడ్డం డెవలపరైతే సబ్బునీళ్ళకు పొట్టు లేచిన వేళ్ళు ఊరంతా చూపిస్తూ, "ఆంటీకి దయాదాక్షిణ్యం లేదు," అని చెప్పుకుని కాఫీకి పోయాడు.

నాలుగూ యాభై ఆరుకు పట్టుచీరా, సెంటు వాసనా మోసుకుంటూ చిలక వచ్చింది.

"గంజి సరిపోయింది అక్కా."

కోడ్‌వర్డ్ అదే. చిప్ పీకేసినట్టు.

"ఎన్ని సిలిండర్లు దొర్లించావేంటి?"

"పన్నెండు! నడుం విరిగిపోయిందనుకోండి."

ఏజెంట్ తొమ్మిది చిలక కుడిచేతిని ముద్దుగా తన ఎడమచేతిలోకి తీసుకుంది. అరచెయ్యి వెన్నముద్దలా ఉంది. అయిదు గోళ్ళ మీదా ఎర్రరంగు రవ్వంతైనా చెదరలేదు. తుప్పు పట్టిన మూత ఒక్కటి తిప్పినా ఆ రంగు నిలవదు. ఇరవై ఏళ్ళు అంట్లు తోమిన మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

"నువ్వు యార్డులో అడుగే పెట్టలేదు. చిప్ అక్కడే ఉంది."

చిలక నవ్వు చెదరలేదు. లిప్‌స్టిక్ గొట్టం ఒకటి ఏజెంట్ డొక్కకు ఆనింది. దాని కొసన విషం పూసిన సూది.

"అరవకండక్కా. మూడు సెకన్ల పని, మీరు నేర్పిందే. అయినా మీకు మేలే చేస్తున్నా. ఇన్నేళ్ళు ఆ ముసలమ్మ చేత మాటలు పడ్డారు. ఇవాళ్టితో తీరిపోతుంది."

"లిఫ్టులో చంపింది నువ్వేనా?"

"అడిగితే ఇస్తాడా బ్యాడ్జి?"

మైకు గట్టిగా పిలిచింది. "తర్వాత, ఆక్సిజన్ జత!" స్టేజీ మీద ఆక్సిజన్ కంపెనీ యజమాని, ఒక ముసలాయన, చెయ్యి ఊపాడు. "రా తల్లీ, రా!"

చిలక చూపు ఒక్క రెప్పపాటు అటు పోయింది.

అది చాలు. ఏజెంట్ ఎడమచెయ్యి లిప్‌స్టిక్‌ను లాగేసి, చిలక కుడి మణికట్టును బల్లకు అదిమింది. కుడిచేతిలోని ఇస్త్రీపెట్టె బొటనవేలి మీదికి దిగింది. మొండి కాలరును అణిచినట్టు అణిచి, నాలుగు లెక్కపెట్టింది. చిలక కేకను లౌడ్‌స్పీకర్ పాట మింగేసింది. మాడిన వాసనకు బేకరీ అమ్మాయి కంగారుగా తన ఓవెన్ తెరిచి చూసుకుంది.

"చంపెయ్యండక్కా..."

"ముందు డెమో." సూది ఇప్పుడు చిలక నడుముకు ఆనింది. "వెళ్ళి అదే వేలితో నొక్కు. నవ్వడం మర్చిపోకు."

మోచెయ్యి పట్టి, తోడుపెళ్ళికూతురిలా స్టేజీ ఎక్కించింది. హాలంతా లెక్కపెట్టింది. మూడు, రెండు, ఒకటి. చిలక కాలిన బొటనవేలు గాజుపలక మీద పెట్టింది.

'వేలిముద్ర సరిపోలలేదు.'

ఇంకోసారి. మరోసారి. తెర ఎర్రబడి, ప్రోగ్రాంకు తాళం పడిపోయింది.

జనం అయ్యో అన్నారు. మూడో వరుసలో బూడిదరంగు కోట్లవాళ్ళిద్దరు మాత్రం దిగ్గున లేచి తలుపుకేసి నడిచారు. కాఫీలు అందిస్తున్న వెయిటర్లు ట్రేలు వదిలేసి వాళ్ళ చేతులు వెనక్కి విరిచారు.

అరగంటలో చిప్ ఊడింది. డైరెక్టర్ ఫోన్ చేశాడు. "మరీ అంతలా కాల్చాలా?"

"మొదటి రోజు పని ఎగ్గొట్టింది సార్. చేయించాను."

ఐసీయూలో అత్తగారు మాస్కు పక్కకు లాగి, కోడలి కొంగు వాసన చూసింది.

"ఏదో మాడబెట్టి వచ్చావు. ఇరవై ఏళ్ళు లాండ్రీ నడిపీ ఇస్త్రీపెట్టె పట్టుకోవడం రాలేదు నీకు."

"ముందు గాలి పీల్చుకోండత్తయ్యా," అంటూ ఏజెంట్ తొమ్మిది మాస్కు సరిచేసి, దాని ఎలాస్టిక్‌ను అవసరమైనదానికన్నా ఒక్క రవ్వ ఎక్కువ బిగించింది.