జెఫిరీను కార్డులు

1987 నవంబరు 12, గురువారం. పొద్దున్నుంచి సన్నటి జల్లు. సాయంత్రం అయిదింటికల్లా దోరు నది మీంచి పొగమంచు లేచి, గాయ రేవులో వైన్ గిడ్డంగుల పైకప్పులు కనిపించకుండా పోయాయి. ఆ రోజు కొత్త బూట్లు వేసుకున్నాను. ఎడమది కరిచింది. ముసలివాణ్ణి, ఇలాంటివే గుర్తుంటాయి.

మా గిడ్డంగి ఆఫీసు నడవాలో ఒక గడియారం ఉండేది. మనిషికి నెలకో కార్డు; దాన్ని దూరిస్తే ఠక్కుమని ఊదా సిరాతో వేళ ముద్ర వేసేది. కాస్త ఎదిగిన గుమాస్తాకు యజమాని ఒక కాగితం ఇచ్చేవాడు: వేళల మినహాయింపు, అంటే ఇక కార్డు కొట్టక్కర్లేదు, పని ఎంతసేపుంటే అంతసేపూ కూర్చోవాలి. సంతకం పెట్టినవాడు పెద్దమనిషి అయినట్టు లెక్క. ఆ రోజు అతని కార్డును అందరి ముందూ చింపేవారు. మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆ సంతకానికి అదనపు భత్యం ఇవ్వాలని చట్టం ఉంది. ఎవరూ అడగలేదు. చప్పట్లే చాలనుకున్నాం.

మా పెద్ద గుమాస్తా జెఫిరీను గారు అలా సంతకం పెట్టి, పంతొమ్మిదేళ్ళు సాయంత్రం ఆరు దాటాక కూడా కూర్చుని, కిందటేడు నవంబరు ఆఖర్న బల్ల మీదే తల వాల్చి ప్రాణం వదిలారు. ఆ గంటల డబ్బు ఇవ్వాలని ఆయన భార్య దియొలిండ కంపెనీ మీద దావా వేసింది. మర్నాడే విచారణ. ఆయన ఎన్ని గంటలు పనిచేశారో రుజువు కావాలి. ఆయనకా, కార్డే లేదు.

ఆయన కుర్చీ నాకిచ్చారు. నేనూ సంతకం పెట్టాను.

మధ్యాహ్నం ఆవిడ గేటు దగ్గర నన్ను పట్టుకుంది.

“ఏం నాయనా అబీలియూ, మా ఆయన కుర్చీ మెత్తగా ఉందా?”

“అమ్మా, నేను ఆరింటికే ఇంటికి పోయేవాణ్ణి. చూడనిది చూశానని ఎలా చెప్పను?”

“చెప్పొద్దులే. ఒక్క కాగితం ముక్క వెతికిపెట్టు. ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారు. మా ఇంట్లో తాగిన కాబేజీ సూపన్నా గుర్తు లేదూ?”

ఆ సూపులో సాసేజి ముక్క ఎప్పుడూ నాకే వేసేది. అది నిజం.

ఆరున్నరకు అందరూ వెళ్ళారు. బీరువాలు వెతికాను. ఏమీ లేదు. కింద పీపాల్లోంచి తడిచెక్క వాసన, పులిసిన ద్రాక్ష వాసన. దాంతోపాటు గడ్డం సబ్బు వాసన... అది మా ఆఫీసులో ఒక్కరిదే.

నడవాలో ఠక్కుమంది.

దీపం పట్టుకుని వెళ్ళాను. ఎవరూ లేరు. గడియారం నోట్లో ఒక కార్డు. దాని మీద జెఫిరీను పేరు. ఊదా సిరా ఇంకా తడి ఆరలేదు.

“జెఫిరీను గారూ...?”

చెవి పక్కనే, చాలా మెల్లగా...

“ఒక్క పేజీ... అయిపోతుంది.”

కార్డుల అర చివరి గడిలో, ఎప్పుడూ ఖాళీగా ఉండే గడిలో, తాడుతో కట్టిన కట్ట ఉంది. పంతొమ్మిదేళ్ళ కార్డులు. ప్రతి రోజూ, ప్రతి గంటా. గడియారంలోదీ, కట్టా లాక్కుని పరుగెత్తాను.

ఇంట్లో విప్పి చూస్తే ఆయన చనిపోయాక వేసిన ముద్రలూ ఉన్నాయి. ఒక్క రోజు తప్పలేదు. వాటిని చూపిస్తే ఎవరు నమ్ముతారు? ఆ పన్నెండు కార్డులు ఏరి పొయ్యిలో వేశాను. బూడిదయ్యేదాకా నిలబడ్డాను.

మర్నాడు కోర్టులో మిగతా కట్ట ఇచ్చాను; దియొలిండ ముఖం ఏడాది తరవాత వెలిగింది. కంపెనీ వకీలు కట్ట తిరగేశాడు. అడుగు నుంచి పన్నెండు కార్డులు తీసి నా వైపు తిరిగాడు.

“చచ్చిపోయినవాడు నిన్న సాయంత్రం కూడా పనికొచ్చాడా, అయ్యగారూ?”

అందరూ నవ్వారు. నేను చెయ్యి చాపి ముట్టుకున్నాను. కార్డులు వెచ్చగా ఉన్నాయి.

కట్ట మొత్తం దొంగదన్నారు. దావా కొట్టేశారు. దియొలిండ నావంక చూసింది, తిట్టలేదు. తిడితే బాగుండేది.

తరవాత గిడ్డంగి యజమాని మేనల్లుడికి వచ్చింది. గడియారం పాతసామాన్లవాడికి పోయింది. కుర్చీ ఇరవై రెండేళ్ళు నాది. దియొలిండకు ఏమీ రాలేదు. చెల్లెలింటి వంటగదిలో చనిపోయింది.

నేను ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయింది. కార్డు లేదు, గడియారం లేదు. అయినా రోజూ సాయంత్రం ఆరు దాటాక చేతులు కడుక్కుంటాను. బొటనవేలికి ఊదా సిరా అంటుకుని ఉంటుంది... తడిగా.