రెండు తలుపుల గుహ

కుంతలగిరి రాజ్యంలో పాలు తోడుకోవడం మానేశాయి. రాలిన ఆకులు కుళ్ళలేదు, పెంట ఎరువు కాలేదు, పొలాలు బీడుపడ్డాయి. అంతా రాజు వీరకంఠుడి మొండితనం వల్లే! "ప్రాణమున్నదేదైనా చెట్టో జంతువో కావాలి. మూడోది నా రాజ్యంలో ఉండకూడదు!" అని చాటించి, వాటిని వేరుచేసే పని వక్రదంతుడనే రాక్షసుడికి అప్పగించాడు. ఎంత తెలివో చూడండి!

వాడి గుహకు రెండే తలుపులు: ఒకటి చెట్లకు, ఒకటి జంతువులకు. ఎందులోనూ ఇమడని జీవులను జాడీలో బంధించాడు. విడిపించబోయి, వాడి ప్రశ్నలకు తప్పు చెప్పినవాళ్ళు శిలలయ్యారు. చెంగల్వ అనే పల్లెపిల్లకు అక్క అయిన నీలాంబరి కూడా అలాగే శిలైంది. ఆ కబురు వినగానే చెంగల్వ రోకలి భుజాన వేసుకుని, కోపంతో ఊగిపోతూ అడవి దాటింది.

రాక్షసుడు ఈగను పట్టిన మొక్కను చూపాడు. "ఇది జంతువేగా పిల్లా?"

"ఈగను తింటే మాత్రం? పచ్చటి ఆకులతో ఎండ తాగి బతుకుతోంది. చెట్టే!"

వాడు పగడం చూపాడు. "కొమ్మలున్నాయి, కదలదు. మరి చెట్టేనా?"

"కొమ్మలుంటే చెట్టయిపోతుందా? నోటితో పట్టి తింటుంది. జంతువే!"

మూడోసారి వాడు పుట్టగొడుగు తీశాడు. చెట్ల తలుపు ముందు నీలాంబరి శిలకూ, జంతువుల తలుపు ముందు ఎవరో ముసలాయన శిలకూ చేతిలో పుట్టగొడుగే ఉంది. చెంగల్వకు ఒళ్ళు మండిపోయింది.

"ఒరేయ్! అక్క చెట్టంది, శిలైంది. ఆయన జంతువన్నాడు, శిలయ్యాడు. రెండూ తప్పయితే, తప్పు నీ తలుపులదే! ఇది ఎండ తాగదు, నోటితో పట్టి తినదు. కుళ్ళిన మానును కరిగించుకు బతుకుతుంది. దీనికి వేరే ఇల్లు కావాలి!"

రోకలితో గోడ బద్దలుకొట్టింది. నీలాంబరి కళ్ళు తెరిచింది.

"జాడీలో ఉన్నవి కంటికే ఆనవు. వాటికీ తలుపా?" అని గొణిగాడు రాక్షసుడు.

"పాలను పెరుగు చేసేవి అవేరా!" అని జాడీ మూత తీసి, మరో గోడ పగలగొట్టింది. శిలలన్నీ మనుషులయ్యాయి. తలుపులు నాలుగయ్యేసరికి రాక్షసుడు రోకలికేసి చూసి పారిపోయాడు.

రాజు తన కొడుకునిచ్చి పెళ్ళి చేస్తానన్నాడు.

"పెళ్ళి సంగతి తర్వాత. ముందు మీరే డప్పు పట్టుకుని, 'నేను చెప్పింది తప్పు' అని ఊరూరా చాటండి!" అంది చెంగల్వ.

రాజు తలవంచుకుని బయలుదేరాడు. ఆ సాయంత్రం నీలాంబరి ఆ జాడీ అడుగున మిగిలినదాన్ని పాలలో తోడు వేసింది. తెల్లారి ముంత వంచినా పెరుగు కదల్లేదు. రెండు గిన్నెల పెరుగన్నం తిన్నాకే చెంగల్వ కోపం చల్లారింది.