గుప్పెడు అంచు కాయలు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది అయిదుగురు. వరండాలో మంచం మీద నాన్న శ్రీమన్నారాయణ. వంటింట్లో గోంగూర ఆకు తుంచుతూ అమ్మ సాయిలక్ష్మి. గుమ్మానికి అడ్డంగా కాళ్లు చాపుకుని నాయనమ్మ మాణిక్యమ్మ. ఫోను పైకెత్తి సిగ్నల్ కోసం గది గదికీ తిరుగుతున్న చెంచయ్య బాబాయి. తలుపు చాటున శ్రీరమ్య.

ఆరో మనిషిని ఇంటివాళ్లలో కలపాలో వద్దో రమ్యకి ఎప్పుడూ తేలేది కాదు. అతని పేరు సురేంద్ర. పక్క చేను వాళ్లబ్బాయి. డిగ్రీ అయ్యాక సేద్యంలోకి దిగాడు. వరసకి నాన్నని మావయ్యా అంటాడు. రమ్యని మాత్రం ఏమనీ పిలవడు. దగ్గుతాడు, అంతే.

"అన్నయ్యా, తొందరగా తేల్చు," అన్నాడు బాబాయి. "రేపు తెల్లారే బండి వస్తుంది. ఆ పార్కు వాళ్లు సాయంత్రంలోగా చెప్పమంటున్నారు. ఒక్క రోజా, మూడు రోజులా?"

హైదరాబాదు ఇవతల థీమ్ పార్కు అది. రమ్య డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసినందుకు బాబాయి అందర్నీ తీసుకెళ్తానన్నాడు. అక్కడే గదులు, అక్కడే భోజనం.

"ఒక్క రోజు సరిపోదా?" అన్నాడు నాన్న.

"యాడ సరిపోద్ది? ఒక్కో రైడుకి గంట లైను. మూడు ఎక్కేసరికి చీకటి పడుద్ది."

"నేనైతే ఒక్కటీ ఎక్కనురా చెంచయ్యా," అంది నాయనమ్మ. "కోటప్పకొండ తిరనాళ్లలో రంగులరాట్నం ఎక్కి మీ నాన్న చొక్కా మీద కక్కా. పాపం, అది కొత్త చొక్కా."

టీ గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూర్చున్న సురేంద్ర నవ్వాడు. "ఒక్క రోజు చాలు మావయ్యా. ఎన్ని రోజులున్నా అవే ఉయ్యాలలేగా!"

అందరూ నవ్వారు. రమ్య చెవులు కాలాయి.

ఎందుకంటే ఆ పార్కులోని నీళ్ల జారుడుబండ గురించి వారం నుంచి ఆమె చెప్పుకుంటున్నది అతనొక్కడికే. కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ, ఫోనులో ఫోటో చూపించి మరీ చెప్పింది. క్లాసులో పేరు పిలిస్తేనే గొంతు పెగలని పిల్ల అన్ని మాటలు చెప్పడం అదే మొదటిసారి. అవి ఇప్పుడు వట్టి ఉయ్యాలలైపోయాయి. లోపల ఎంత నవ్వుకున్నాడో ఇన్నాళ్లూ!

నాన్న తేల్చేశాడు. "కాయలు ఎండితే మూడు రోజులు. ఎండకపోతే రోజూ తిరగెయ్యాలి, ఒక్క రోజే. రమ్యా, కల్లానికెళ్లి గుప్పెడు కాయలు పట్రా."

కాలికి ముల్లు దిగి నాన్న రెండు రోజులుగా కల్లం వైపు వెళ్లలేదు. ఎండిన మిరపకాయని చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజలు గలగలలాడతాయి. ఆ చప్పుడు వింటే చాలు, నాన్న సంచులకెత్తమంటాడు.

కల్లం ఇంటి వెనకే. నేలంతా ఎర్రగా పరుచుకుని ఉంది. రమ్య నడుమ చెయ్యి పెట్టింది. కాయ ఇంకా మెత్తగా, చల్లగా ఉంది. ఆడించింది. చప్పుడు లేదు.

అంచున కాయలు పలచగా పడి ఉంటాయి. అవి ముందే ఎండిపోతాయి. అక్కణ్ణించి ఒకటి తీసి ఆడించింది. గలగల.

రమ్య చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఉయ్యాలలంటాడా? మూడు రోజులుండి అన్నీ ఎక్కి వస్తా. అంచు నుంచి గుప్పెడు కాయలు ఏరి చున్నీలో వేసుకుని, మళ్లీ ఆలోచన రాకముందే గబగబా ఇంటికి నడిచింది.

నాన్న ఆడించి విన్నాడు. నాయనమ్మ కూడా విన్నది. "బ్రహ్మాండంగా ఎండినయ్," అన్నాడు నాన్న. "చెంచయ్యా, మూడు రోజులకి చెప్పు. సురేంద్రా, రేపు కూలోళ్లొస్తారు. నువ్వు దగ్గరుండి సంచులకెత్తించు."

ఈ ఏడే మొదటిసారి నాన్న తన కల్లాన్ని ఇంకొకరికి అప్పజెప్పడం. సురేంద్ర లేచి నిలబడ్డాడు. నాన్న అరచేతిలోంచి ఒక కాయ తీసుకుని తొడిమ చూశాడు. తర్వాత తలుపు వైపు చూశాడు. రమ్య కళ్లు దించుకుంది.

"అట్నే మావయ్యా," అన్నాడు.

సాయంత్రం రమ్య కల్లం మీద పట్టాలు కప్పడానికి వెళ్తే, సురేంద్ర అప్పటికే అక్కడ ఉన్నాడు. నడుమ మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. మోచేతి దాకా కాయల్లో చెయ్యి ముంచాడు.

దగ్గాడు. "లోపల పచ్చిగానే ఉన్నాయి."

రమ్య పట్టా మడత విప్పుతూ ఉండిపోయింది.

"అంచు కాయలు తెచ్చావు కదూ?"

"లేదు."

"అంచు కాయకి తొడిమ పాలిపోయుంటది. మావయ్య కళ్లజోడు పెట్టుకోలా కాబట్టి సరిపోయింది."

పొద్దున ఒక అబద్ధం, ఇప్పుడు ఇంకోటి. రమ్యకి ఆ కాయల్లో దూరి కనపడకుండా పోవాలనిపించింది. "మరి అప్పుడే చెప్పొచ్చుగా నాన్నకి?"

"చెప్పొచ్చు. నలుగురిలో నీ మొహం ఎట్టా అయిపోద్దో తలుచుకుంటే నోరు రాలా."

"పచ్చి కాయ సంచిలో పోస్తే బూజు పట్టుద్ది. ఏడాది పంట..."

"ఆ మాత్రం నాకు తెలీదా? కూలోళ్లని రావద్దంటా. రోజూ తిరగేస్తా. మావయ్య వచ్చి ఇంకా ఎత్తలేదేందిరా అంటే, బద్ధకించానంటా. తిడతాడు. మా అమ్మ తిట్ల ముందు అవొక తిట్లా?"

"తిట్టి ఊరుకోడు నాన్న. ఇంకెప్పుడూ నీకు ఏదీ అప్పజెప్పడు."

దానికి అతను నవ్వలేదు. పట్టా కొస అందుకుని తన వైపు లాగాడు. "ఆ జారుడుబండ గురించి నాకు తొమ్మిదిసార్లు చెప్పావు. వెళ్లు. మూడు రోజులూ ఉండు."

"మరి పొద్దున ఒక్క రోజు చాలన్నావు?"

"అది వేరే." చివర రాయి పెట్టడానికి వంగినవాడు ఎంతకీ తల ఎత్తలేదు.

ఇంటికొచ్చి రమ్య బ్యాగు ముందు కూర్చుంది. మూడు జతలు సర్దింది. రెండు తీసేసింది. తన మొహం ఎర్రబడుతుందని అతను నోరు మూసుకున్నాడు. పొద్దున నాన్న కల్లం అప్పజెప్పినప్పుడు, అతని పేరు పోతుందని తనకి ఒక్క క్షణం కూడా తోచలేదు. ఎగతాళి చేశాడని తను కోపం తెచ్చుకున్న మనిషే, తన తప్పుని నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు. డైరీ తీసింది. తేదీ రాసింది. తర్వాతి మాట రాయకుండానే మూసేసింది. తను చదువుకోవడానికే సిగ్గేసే మాట అది.

"ఏందే, బట్టలు లోపలికి పోతున్నయ్యా, బయటికొస్తున్నయ్యా?" అంది నాయనమ్మ.

రమ్య ఆమె పక్కన చేరి చెవిలో అంతా చెప్పింది. నాయనమ్మ చాపిన కాళ్లు ముడుచుకుంది. నవ్వుతుందేమోనని చూస్తే నవ్వలేదు.

"అయితే నేను విన్న గలగల దొంగ గలగలన్నమాట. నాకు చెప్పి ఏం లాభం? మీ నాన్న వరండాలోనే ఉన్నాడు పో."

వరండాలో నాన్న కాలి ముల్లుకి అమ్మ పసుపు పెడుతోంది. బాబాయి రైడ్ల పేర్లు చదివి వినిపిస్తున్నాడు. రమ్య స్తంభం పట్టుకుని నిలబడింది.

"నాన్నా, నేను అంచు కాయలు తెచ్చా. నడుమ కాయలు ఎండలా."

బాబాయి చదవడం ఆపేశాడు. అమ్మ చెయ్యి నాన్న పాదం మీదే ఉండిపోయింది. "ఎందుకే అట్టా చేశావు?" అంది.

"మూడు రోజులుందామని."

నాన్న అరుస్తాడనుకుంది. అరవలేదు. అరిస్తే బాగుండేది. "సురేంద్రకి తెలుసా?" అన్నాడు మెల్లగా.

"తెలుసు. కాయ చూడగానే తెలిసింది."

"తెలిసీ అట్నే అన్నాడా?"

"నన్ను నలుగురిలో..." కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పంట పోతే వాణ్ణే తిట్టేవాణ్ణి గదే! వాడు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. మా రమ్య తెచ్చిన కాయలు నేనే విన్నానురా అనేవాణ్ణి."

ఆ మాట చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. హైవే మీద మార్టూరు వైపు పోయే రాళ్ల లారీల మోత అంత దూరం నుంచీ వినపడుతోంది.

"చెంచయ్యా, ఒక్క రోజుకే మార్చమని చెప్పు," అన్నాడు నాన్న చివరికి. "రేపు పొద్దున్నే వెళ్లి రాత్రికి వచ్చేద్దాం. ఎల్లుండి నుంచి కాయలు తిరగేసే పని దీనిదే. ఒసేయ్, సంచులకెత్తొద్దని వాడికి నువ్వే వెళ్లి చెప్పిరా. తలొంచుకుని కాదు, మొహం చూసి చెప్పు."

సురేంద్ర వాళ్లిల్లు వెనక వీధిలో. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల తాలింపు చిటపటలాడుతోంది. రమ్య రెండుసార్లు వెనక్కి తిరిగి, మూడోసారి తలుపు తట్టింది.

అతనే తీశాడు. భుజాన తువ్వాలు, చేతికి దోసె పిండి. ఆమెని చూసి దగ్గబోయి మానేశాడు.

"నాన్నకి చెప్పేశా," అంది రమ్య.

"అయ్యో! నేను చూసుకుంటానన్నాగా! తిట్టాడా?"

"తిట్టలా. ఒక్క రోజే వెళ్తున్నాం. నువ్వు సంచులకెత్తించొద్దు." మొహం చూసి చెప్పమన్నాడు నాన్న. గడ్డం దాకా చూడగలిగింది. "నీ మీదకి వస్తుందని ఆలోచించలేదు. తప్పయింది."

"ఊరుకో. ఇంతకీ జారుడుబండ ఎక్కుతావా, లేదా?"

"ఒక్కసారి ఎక్కుతా. అది వేరే అన్నావు పొద్దుటి సంగతి. ఏంటది?"

అతను చేతికున్న పిండి వంక చూసుకున్నాడు. "మూడు రోజులంటే... కల్లంలో ఒక్కణ్ణే. ఎవరితో మాట్లాడాలి? అందుకని నోటికొచ్చింది అన్నా. నీ సరదా చెడగొట్టా. సిగ్గులేని మాట అది."

"సురేంద్రా, ఎవర్రా గుమ్మంలో?" లోపల్నుంచి వాళ్లమ్మ సుబ్బరావమ్మ కేక.

"ఎవరూ కాదమ్మా!"

"ఎవరూ కాకపోతే అంతసేపు ఎవరితోరా మాటలు?"

అడుగుల చప్పుడు దగ్గరికొస్తోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని రమ్యకి తెలుసు.

"మూడు రోజులుంటే నాకూ తోచదు. నాన్న ఒక్క రోజన్నాక నాకు బాధనిపించలేదు. అది చెప్పడానికే వచ్చా."

సురేంద్ర నోరు తెరిచాడు. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది. వెనక్కి చూశాడు, రమ్యని చూశాడు. ఏం చెయ్యాలో తోచక పిండి చేత్తోనే తలుపు రెక్క పట్టుకుని ధబాలున ఆమె మొహం మీద వేసేశాడు.

గడియ పెట్టిన చప్పుడు మాత్రం కాలేదు.