నాలుగో ముప్పేట

మూడో ముప్పేట సరిగానే తిరిగివచ్చింది. గ, ప, ని. సారక్క మీటలు వదిలేసి ఇరవై సెకన్లు ఆగింది. భూమి కింద మూడు గదుల్లో ఊదిన గాలి సద్దుమణగడానికి ఆ మాత్రం సమయం కావాలి.

ఉదయం షిఫ్టు సగమైంది. మధ్యాహ్నం రెండు గంటలకు గేట్లు తెరుస్తారు. నాలుగు జిల్లాల కర్మాగారాలు వదిలిన చెడుగాలి గొట్టాల వెంట వచ్చి ఈ పాత బొగ్గుబాయిలో నిండుతుంది. ఆ తర్వాత మూడు వందల ఏళ్లు దీని మూత ఎవరూ తీయడానికి వీల్లేదు. గదులు గట్టిగా ఉన్నాయో లేదో విని తేల్చే ఆఖరి వినికిడి ఇది. అందుకే, నిబంధన ప్రకారం, ఈ ఒక్కరోజు సవరణి అనే మాట్లాడే యంత్రం తుడిచి ఇచ్చే శబ్దం కాకుండా పచ్చి శబ్దం వినాలి. తొమ్మిదేళ్ల ఉద్యోగంలో సారక్క పచ్చి శబ్దం వినడం ఇదే మొదటిసారి.

బాయిలో ఏడు గదులున్నాయి. ఒక్కో గదిదీ ఒక్కో స్వరం. ఒక స్వరం పట్టుకుని, పక్కది వదిలి, తర్వాతిది పట్టుకుని, మళ్లీ ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకుంటే ఒక ముప్పేట. ఎక్కడినుంచి మొదలుపెట్టినా ఈ శ్రుతిలో ఏడే ముప్పేటలు. మూడు వెలుతురుగా వినిపిస్తాయి, మూడు దిగులుగా. చివరిది ఎక్కడా కాలు నిలవనట్టు తూలుతుంది. ఇవి ఇంటివి. వీటిలో లేని స్వరం వినిపిస్తే అది పరాయిది. గది కప్పు కుంగి ఉండాలి, లేదా యంత్రం రొద అయి ఉండాలి.

నాలుగో ముప్పేట ఊదింది. మ, ద, స. ఇది వెలుతురుగా రావలసినది.

దిగులుగా వచ్చింది.

సారక్క చెవిగిన్నెలు గట్టిగా అదుముకుంది. ధైవతం పక్కనే, దానికంటే అర మెట్టు కిందగా మరో స్వరం రాసుకుంటూ పోతోంది. ధైవతం ఆరో గదిది; దాని కప్పు కుంగిందేమో. ధైవతం ఉన్న ముప్పేటలు మరో రెండున్నాయి. రెండోది ఊదింది. రి, మ, ద. నిర్మలంగా ఉంది. ఆరోది ఊదింది. ద, స, గ. అదీ నిర్మలమే. ఆరో గదికి ఏమీ కాలేదు.

మరి నాలుగోదాంట్లోనే ఎందుకు? కాగితం మీద ఏడు ముప్పేటలూ రాసి చూసుకుంది. స, మ కలిసి ఊపిరి తీసుకునేది ఒక్క నాలుగోదాంట్లోనే. ఆ రెండు గదులూ ఒకేసారి కదిలితే తప్ప కదలనిదేదో వాటి మధ్య ఉంది.

ఆమె ధైవతం మీట మూసేసి, స, మ రెండే ఊదింది.

రెండు వెళ్లాయి. మూడు తిరిగివచ్చాయి.

మూడోది ఎవరూ ఊదని స్వరం. సన్నగా, గోడకు చెయ్యానించి నిలబడ్డ మనిషిలా ఆ రెంటి మధ్యా నిలబడి ముప్పేట పూర్తి చేసింది.

"పరాయి స్వరం," అంది సవరణి. "ఎప్పటిలాగే తుడవమంటారా?"

"ఎప్పటిలాగే అంటే?"

"మీరు వచ్చాక రెండు వేల ఎనిమిది వందల పదకొండు సార్లు తుడిచాను. అంతకుముందు వినికిడి చేసినవారి అనుమతితో ఇంకో మూడు వేల పైచిలుకు."

ఆమె పటం తెరిచింది. ఒకటో గదికీ నాలుగో గదికీ మధ్య నలభై గజాల వెడల్పున తెల్లగా ఉంది. దాని మీద రెండే మాటలు: గట్టి బొగ్గు.

అప్పుడే మేనేజరు రాజలింగు కాగితాలు పట్టుకుని వచ్చాడు. పాత బాయిలో హాజరు రాసే మస్టరు గుమాస్తాగా చేరి, బాయి మూతపడ్డాక కూడా ఇక్కడే మిగిలిపోయిన మనిషి. ఇంకో నెలలో రిటైరవుతాడు.

"సంతకం పెట్టు సారక్కా. రెండింటికి గేట్లు తీయాలె."

"ఒక స్వరం ఎక్కువ వస్తున్నది సార్. నాలుగోదాంట్ల."

"తుడిచెయ్. ఆ గ్యాలరీ పటంల లేదు."

సారక్క తలెత్తింది. గ్యాలరీ అంటే బొగ్గు తవ్విన సొరంగం; పటంలో అక్కడున్నది గట్టి బొగ్గు. "నేను స్వరమన్న సార్. గ్యాలరీ అన్లే."

రాజలింగు కాగితాలు బల్ల మీద పెట్టి, వాటి అంచులు సరిచేశాడు. మళ్లీ సరిచేశాడు.

ఇరవై రెండేళ్ల కింద ఒక ఆదివారం సారక్క మొగుడు పోశం ఇంట్లోంచి వెళ్లి తిరిగిరాలేదు. ఆ వారమే కాలనీలో మరో నలుగురు కాంట్రాక్టు కూలీలు కనబడకుండా పోయారు. ఆఫీసుకు వెళ్లి అడిగితే మస్టరు తెరిచి చూపించారు. ఆదివారం పేజీ ఖాళీగా ఉంది. బాయి దిగలేదు, ఎటో పోయాడన్నారు. మొగుడు విడిచిపెట్టినదని కాలనీ ఆడవాళ్లు ఆమె వెనక చెప్పుకున్నారు. ఆమె కూడా నమ్మింది. కోపం పట్టలేక అతని చొక్కాలన్నీ పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆమెకు వేసి, ఒక స్టీలు డబ్బా తీసుకుంది. ఎన్నో రాత్రులు అతన్ని పేరు పెట్టి తిట్టింది.

"సార్, ఆ ఆదివారం బాయి నడిచిందా?"

రాజలింగు కుర్చీలో కూలబడ్డాడు. "గదుల నడుమ అడ్డగోడ బొగ్గు తీయొద్దని రూలు. అందుకే సెలవునాడు దింపిండ్రు. మస్టరు రాయొద్దన్నరు. నేను రాయలే. పొద్దుగూకేసరికి కప్పు పడ్డది." అతను కాగితాలు దూరంగా జరిపాడు. "రెండు రోజులు చప్పుడొచ్చిందట, లోపల్నుంచి. నేను విననీకి పోలే."

సారక్క ఏడవలేదు. ఏడుపు ఎక్కడో గదిలో ఇరుక్కుపోయినట్టుంది. చెవిగిన్నెల్లో ఆ మూడో స్వరం ఇంకా వినబడుతూనే ఉంది. రెండు వేల ఎనిమిది వందల పదకొండు ఉదయాలు అది ఆమె చెవి దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె పేరు మీదే, ఆమె అనుమతిగానే ఆగిపోయింది.

"తుడవమంటారా, ఇంటిది అనుకోమంటారా?" అడిగింది సవరణి.

‘ఇంటిది’ అని రాసి ఉన్న రెండో మీట మీద దుమ్ము పేరుకుని ఉంది. ఒకే సవరణి నడిపే ఈ పద్నాలుగు బాయిల్లో అలాంటి మీటను ఎవరూ ఎన్నడూ తాకలేదు.

"సారక్కా, ఆలోచించు," అన్నాడు రాజలింగు. "నీ నౌకరి పోతది. నన్ను జైల్ల పెడ్తరు."

"తెలుసు సార్."

ఆమె మీట నొక్కింది.

సవరణి గదులన్నీ మళ్లీ లెక్కపెట్టింది. తర్వాత, "శ్రుతిలో ఎనిమిది స్వరాలు, పటంలో ఏడు గదులు," అంది. "పటం చెల్లదు. గేట్లు తెరవలేను. ఎనిమిదో గదిలో ఏముందో నమోదు చేయండి."

"మనుషులు," అంది సారక్క. "పోశం. దుర్గయ్య. ఎల్లయ్య. చిన్న మొగిలి." అక్కడ ఆగిపోయింది. ఐదో మనిషి ఆ నెలలోనే ఎక్కడినుంచో పనికి వచ్చినవాడు. అతని పేరు కాలనీలో ఎవరికీ తెలియదు.

"రాయమల్లు," అన్నాడు రాజలింగు, నేలవైపు చూస్తూ. "జాడి రాయమల్లు. పంతొమ్మిదేండ్లు."

సవరణి ఐదు పేర్లూ రాసుకుంది. ఈ బాయికి మారిన నిబంధన దానికి అన్ని బాయిలకూ మారినట్టే. తెర మీద ఒక్కొక్క బాయి పేరే ఎర్రబడసాగింది. ఐదో బాయిలో ఒకటి. తొమ్మిదో బాయిలో రెండు. ఏళ్ల తరబడి తుడిచిన స్వరాలన్నీ తిరిగి లేచి, ఇంటివా కాదా అని అడుగుతున్నాయి.

ఫోను మోగింది. పదకొండో బాయిలో వినికిడి చేసే జమున.

"అక్కా, మా దాంట్ల నాలుగు స్వరాలు ఎక్కువొస్తున్నయ్. సవరణి తుడవాల్నా అని అడుగుతున్నది. ఏం జెయ్యాలె?"

"ఏం తుడవకు బిడ్డా," అంది సారక్క. "ముందు ఆ ఊరోళ్లను పిలువు, పేర్లు వాళ్లకెరుక. నేనొస్తున్న."