సాన్ రోకే కుక్క

"నా కాళ్ళు నీ సొత్తా? ఎవర్నడిగి సాన్ రోకేకి తాకట్టు పెట్టావు?"

రొట్టెల కొట్టు బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలదీసింది యారిమార్. డెంగీ జ్వరంతో ఆసుపత్రిలో పడి, ఇంటికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. మొహం పాలిపోయింది, మెడ కింద ఎముకలు తేలాయి. కోపం మాత్రం ఎక్కడా చిక్కలేదు.

కొట్టు నడిపే నెఫ్తలీ చేతిలోని వేడి రొట్టె జారి కింద పడింది.

"నీకు తగ్గాలని మొక్కుకున్నాను, అంతే."

"మొక్కుకుంటే నీ కాఫీ మానుకో, నీ జుట్టు ఇచ్చుకో. నేను హాఫ్ మారథాన్ పరిగెడతానని నువ్వెలా మొక్కుతావు?"

జబ్బుపడ్డ వాళ్ళకి మా కొండ ఊళ్ళో పునీతుడు సాన్ రోకేనే దిక్కు. ప్యూర్టో రికోలో ఏ ఊరి పండగ దానికి గొప్ప, మాకు మాత్రం ఆయన పండగనాటి ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగే గొప్ప. చర్చిలో ఆయన విగ్రహం పాదాల దగ్గర ఒక కుక్క ఉంటుంది. మొక్కు ఎగ్గొట్టినవాడి వెంట అది ఏ రూపంలోనైనా పడుతుందని మా ఊళ్ళో చంటిపిల్లలకీ తెలుసు.

యారిమార్ జ్వరంలో ఉండగా నెఫ్తలీ చర్చిలో మోకరిల్లి గొణుక్కుంటుంటే వాళ్ళ పిన్ని ఇవెలిస్సె చూసింది. "ఏం మొక్కుకున్నావురా?" అని అడిగింది. "యారిమార్ లేచి ఈ ఏడు పరుగు పూర్తిచేస్తుందని" అన్నాడు. పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నానికల్లా ఆ మాట ఊరు చుట్టేసింది.

"సరే, పరిగెడతాను," అంది యారిమార్. "నువ్వూ నా పక్కనే పరిగెత్తాలి."

"నేనా? నేను బస్సు వెళ్ళిపోతున్నా పరిగెత్తను."

"డాక్టరు మధ్యమధ్యలో నడుస్తూ మెల్లగా వెళ్ళమన్నాడు. కళ్ళు తిరిగితే ఆగిపోవాలట. నీకు సరిగ్గా సరిపోయే వేగం."

ఏటా ఆమె ఈ కొట్టు ముందు నుంచి రెప్పపాటులో దూసుకుపోయేది. అతను గొట్టంతో పరుగువాళ్ళ మీద నీళ్ళు చల్లుతూ, ఒక్కసారి ఇటు చూస్తే చాలనుకునేవాడు. ఆమె చూసేది కాదు. ఈ ఏడు దారి పొడవునా పక్కనే ఉంటుంది. ఆ జ్వరానికి దండం పెట్టాలో తిట్టాలో తెలియక, అతను రెండూ చేశాడు.

పండగనాడు తెల్లవారుతూనే పరుగు మొదలైంది. కాసేపటికి అందరూ మలుపు దాటిపోయారు. చివర్న వీళ్ళిద్దరు, వీళ్ళ వెనక ఒక గోధుమరంగు వీధికుక్క, దాని వెనక పడిపోయినవాళ్ళని ఎక్కించుకునే బండి. బండి నడుపుతున్నది ఇవెలిస్సె పిన్నే. చేతిలో మైకు కూడా ఉంది.

"నెఫ్తలీ, బండిలో చల్లటి కొబ్బరినీళ్ళున్నాయిరా. రొట్టెలు పెట్టి పెంచుకున్న పొట్టని ఎందుకలా ఏడిపిస్తావు?"

గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు నవ్వుతూనే బత్తాయి తొనలు, ఐసుముక్కలు అందించారు.

"ఆ కుక్క ఎవరిది?" అడిగింది యారిమార్.

"ఎవరిదో. ఆ రోజు చర్చి నుంచి వచ్చినప్పట్నించీ నా వెంటే తిరుగుతోంది. రొట్టె వాసనకేమో."

"నీ వెంటా?"

ఆమె అతన్ని ఓ చూపు చూసి, పెదవి కొరుక్కుని, మళ్ళీ పరుగందుకుంది.

సగం దారిలో వాన కురిసింది. తడిసిన జుట్టు నుదుటికి అంటుకుని ఆమె ఎంత బావుందో చెబుదామనుకున్నాడు. ఊపిరి మిగల్లేదు.

ఆఖరి ఎత్తు దగ్గర ఆమె ఆగిపోయింది. గోడకి చెయ్యి ఆనించింది.

"కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదు. కాళ్ళు వణుకుతున్నాయి."

"బండెక్కుదాం యారిమార్. నీ మీద ఏ మొక్కూ లేదు. పిన్ని అడిగేసరికి సిగ్గేసి ఏదో ఒకటి చెప్పేశాను. నేను అసలు మొక్కింది వేరే. నువ్వు లేచి తిరిగితే నీతో..."

ఆమె అతని నోటి మీద చెయ్యి పెట్టింది.

"నాకు తెలుసు. మొక్కు నాదైతే కుక్క నా వెంట పడాలి కదా."

"తెలిసీ ఎందుకీ యాతన?"

"ఆసుపత్రిలో బాత్రూముకి వెళ్ళాలన్నా నర్సు భుజం పట్టుకున్నాను. ఈ కాళ్ళు ఇంకా నావేనని నాకు తెలియాలి. నువ్వు ఆ మాట ఇప్పుడు చెప్పావంటే ఇక్కడే కూలబడతాను. పైకి వెళ్ళేదాకా నోట్లోనే దాచుకో."

గోడ మీంచి చెయ్యి తీసేసింది. పది అడుగులు నడక, నాలుగు అడుగులు పరుగు, మళ్ళీ నడక. చెయ్యి అందించాలని అతని ప్రాణం కొట్టుకుంది. అందించలేదు. వెనక పిన్ని మైకు పక్కన పడేసి, బండి మెల్లగా నడిపింది.

చర్చి మెట్ల ముందు గీత దాటి, ఆమె రోడ్డు మీదే చతికిలబడింది. ఏడుస్తోంది, నవ్వుతోంది, తన మోకాళ్ళు తనే నిమురుకుంటోంది.

"ఇప్పుడు చెప్పు," అంది.

"నువ్వంటే... నాకు..."

"నిదానంగా ఊపిరి తీసుకో. నేనెక్కడికీ పోను, లేవలేను కూడా."

"నువ్వంటే నాకు ప్రాణం. అది నీతో చెబుతానని మొక్కాను."

ఆమె తల వంచుకుంది. "ఏటా నీ కొట్టు ముందే ఎందుకంత వేగంగా పరిగెత్తేదాన్నో తెలుసా? నువ్వు చూస్తుంటావని. ఆ వేగానికి తర్వాత మైలంతా ఆయాసపడేదాన్ని, మొద్దూ."

అతను ఆమె పక్కన కూలబడ్డాడు. కుక్క వచ్చి అతని చెయ్యి వాసన చూసింది, తోకాడించింది, లేచి ఇవెలిస్సె పిన్ని వెనక నడిచింది. పిన్ని మొహంలో రంగు మారింది. ఆవిడ ఏ మొక్కు ఎగ్గొట్టిందో మా ఊరు ఇప్పటికీ అడుగుతూనే ఉంది.