ఫిర్యాదులు వినే ఆవిడ

మా బావ దుకాణం ఒక సెల్లార్‌లో ఉండేది. గ్యాస్ గీజర్లు అమ్మి, ఇళ్ళకెళ్ళి బిగించే వ్యాపారం. ఉన్నది ఒక గది, ఒక బల్ల, నేను. ఆన్‌లైన్లో కారుచవగ్గా దొరుకుతున్నాయని ఆరు నంబర్లు కొని, ఊళ్ళో ఆరు బ్రాంచీలున్నట్టు బోర్డు రాయించాడు. ఏ నంబర్‌కి చేసినా మోగేది నా ఫోనే. ఒకసారి గొంతు సన్నం చేసి, ఒకసారి బొంగురు చేసి, ఆరు బ్రాంచీలూ నేనే నడిపేదాన్ని. బావ దీన్ని తెలివి అనేవాడు.

ఆరో నంబర్ ఫిర్యాదులది. దానికి ఒక టీచరమ్మ రోజూ చేసేది. గీజర్ వెలిగిస్తే కళ్ళు తిరుగుతున్నాయని, ఎవరినైనా పంపమని బతిమాలేది. నేను చెప్పిన ప్రతిసారీ బావ "చూద్దాంలే" అన్నాడు. చివరికి ఆవిడ ఆ బాత్రూంలోనే పోయింది.

ఆ కబురు విన్నాక బావ చేసిన మొదటి పని, ఫిర్యాదుల నంబర్‌ని ఇంకోవైపు మళ్ళించడం.

"ఇక నీకీ గోల ఉండదు మరదలు పిల్లా," అన్నాడు. "ఫిర్యాదులన్నీ ఆ టీచరమ్మ ఫోన్‌కే పోతాయి. ఎలాగూ ఎత్తేవాళ్ళు లేరు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్క మొహం చూసి నోరు మూసుకున్నాను. వీడికి తగిన శాస్తి జరగాలని మాత్రం మనసారా కోరుకున్నాను.

వారం తిరక్కుండా మిగతా నంబర్లకి ఫోన్లు మొదలయ్యాయి. తిట్లు కాదు, మెచ్చుకోళ్ళు.

"మీ ఫిర్యాదులావిడ బంగారమండి. గీజర్ కట్టేసి ముందు బయటికి రమ్మంది. లేకపోతే మా అబ్బాయి దక్కేవాడు కాదు."

అందరూ ఇంకో మాట కూడా అనేవాళ్ళు. ఆవిడ మాట్లాడుతుంటే వెనకాల నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తుందట.

బావకి చెప్తే నవ్వాడు. ఎవరో ఆకతాయి పనన్నాడు. ఆ సాయంత్రం కరెంటు పోయింది. సెల్లార్ నిండా చీకటి, చెమ్మ పట్టిన గోడల వాసన. బావ తన ఫోన్ స్పీకర్లో పెట్టి ఆ నంబర్ నొక్కాడు.

ఒక్క రింగుకే ఎత్తారు.

నీళ్ళు... సన్నగా, ఆగకుండా.

"ఎవరు?" అన్నాడు బావ.

"చెప్పండి సార్." ఆ గొంతు నాకు తెలుసు. రోజూ బతిమాలిన గొంతే. "మీ ఆవిడ ఇప్పుడే చేశారు. బయటికి వచ్చెయ్యమన్నాను. మంచి మనిషి... మీరు స్నానానికి ఎప్పుడు వెళ్తారో కూడా చెప్పారు."

పడుతూ లేస్తూ ఇంటికి పరిగెత్తాం. అక్క తడి జుట్టుతో గుమ్మంలో కూర్చుని ఉంది. "కళ్ళు తిరిగాయి. మీరు ఎత్తకపోతే గీజర్ మీదున్న నంబర్‌కి చేశా," అంది.

బావ అప్పటికప్పుడు గీజర్ పీకి వీధిలో పారేశాడు. బాత్రూం తలుపు గొళ్ళెం కూడా ఊడబీకాడు. ఆరు నంబర్లూ రద్దు చేయించాడు. నాకు సంతోషంగా ఉండాల్సింది. కానీ అక్క నన్ను పట్టుకుని "ఈయనకేమైందే?" అని ఏడుస్తుంటే నా కసంతా కరిగిపోయింది. అక్క కోసం ఆయన బతకాలనుకున్నాను. ఆ టీచరమ్మ కసి మాత్రం నా చేతిలో లేదు.

బావ కొన్నాళ్ళు పెరటి కుళాయి దగ్గరే ఒళ్ళు కడుక్కున్నాడు. చివరికి అక్కే విసుక్కుంది.

"గీజర్ లేదు, గొళ్ళెం లేదు. చన్నీళ్ళే కదండీ. మేమిక్కడే ఉంటాం, వెళ్ళండి."

వెళ్ళాడు. కాసేపు చెంబు చప్పుడు వినిపించింది. తర్వాత అదీ లేదు... నీళ్ళు మాత్రం, సన్నగా...

"ఏవండీ," అంది అక్క.

పలకలేదు.

ఇద్దరం కలిసి తలుపు తోశాం. గొళ్ళెం లేని తలుపు. కదల్లేదు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తలుపు కింది సందులోంచి మా పాదాల మీదికి వేడి ఆవిరి వస్తోంది.