గోపయ్య గారి ఒక్క సీసా

పాలక్యాను మూత వదులుగా ఉన్నందువల్ల ఏ రాజ్యమైనా కూలినట్టు చరిత్రకారులు ఇంతవరకు రాయలేదు. అది చరిత్రకారుల అశ్రద్ధే తప్ప మూత అసమర్థత కాదు. ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డుకు నాలుగు సందుల లోపల ఉన్న గోపయ్య ఇంట్లో, ప్రతి ఉదయం ఆరు గంటలకు ఆ మూత టింగుమనగానే ఒక సంసారమంతా కదిలేది. కొడుకు రమాకాంత్ దుప్పటి ముసుగు లాక్కునేవాడు. కూతురు యమున గడియారం చూసి నోటుపుస్తకంలో ఆ రోజుకు మొదటి గీత గీసేది. భార్య కమలమ్మ పొయ్యి దగ్గర నుంచి ఒక్కసారి తల ఎత్తి, మళ్లీ దించుకునేది.

ఆ ఇంటికి పాలు ప్యాకెట్లలో వస్తాయి. గేదెలను అమ్మి మూడేళ్లయింది. కనుక ఆ క్యానుతో గోపయ్య వెళ్లేది కల్లు కాంపౌండుకేనని ఊరందరికీ తెలుసు. ఇంట్లో కల్లు వాసన ఉండేది. దానికి యజమాని ఒక్కడేనని, అతడు గోపయ్యేనని కుటుంబం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఔటర్ రింగు రోడ్డు కోసం భూములు కొలుస్తున్న ఆ రోజుల్లో ఎకరాలు గజాలయ్యాయి, రైతులు అమ్మే పార్టీలయ్యారు. గోపయ్య పొలం కూడా తెల్లరాళ్లు పాతుకుని ఇళ్ల స్థలాల వెంచరయింది. రమాకాంత్ కొనే పార్టీలను బండిలో ఎక్కించుకుని ప్లాట్లు చూపిస్తాడు. సైకాలజీలో ఎం.ఏ. చేసిన యమున పట్నంలోని ఒక మానసిక వైద్యశాల వారి పరిశోధనలో చేరింది. మత్తు అలవాటును, దాని వెంట వచ్చే ప్రమాదకర ప్రవర్తనను ముప్పై ఒక్క ప్రశ్నలతో తూచి, మనిషికి ఇన్ని మార్కులని తేల్చే మహత్తర పరిశోధన అది. ఇప్పటికి అరవై రెండు ఇళ్ల గడపలెక్కి, అరవై రెండుసార్లు అబద్ధాలు విని, ఆమె అలసిపోయింది. అరవై మూడోది సొంత ఇల్లు.

“బాపు, నిజం చెప్పు. రోజుకు ఎన్ని సీసలు తాగుతవ్?”

“ఒక్కటే.” గోపయ్య క్యాను కడిగి బోర్లించాడు.

“కాంపౌండుకు ఎన్నిసార్లు పోతవ్?”

“నువ్వే గీతలు గీస్తున్నవ్ గద. సూస్కో.”

“నిన్నటివి అయిదున్నయి.”

“అయితే అయిదే.”

“అంటే అయిదు సీసలు.”

“ఒక్కటే అంటున్న గద బిడ్డా!”

“మరి కడమ నాలుగుసార్లు ఏం జేయనీకి పోతవ్?”

గోపయ్య కాసేపు గోడను సంప్రదించాడు. “నడిస్తె మోకాళ్లకు మంచిదట. మీ డాక్టర్లే చెప్తరు.”

వంటింట్లో నుంచి కమలమ్మ గొంతు వినబడింది. “పొద్దుగాల్నే ఆయన్ని సతాయించకు యమునా. పోనియ్యి.”

యమున నిట్టూర్చి, శిక్షణలో నేర్పిన ప్రకారం పక్కన ‘నిరాకరణ’ అని రాసింది. తాగేవాడు తన తాగుడును ఒప్పుకోకపోవడానికి శాస్త్రం పెట్టిన పేరది. శాస్త్రానికి ఒక పేరు దొరికితే సగం పని అయినట్టే.

మిగిలిన సగాన్ని ఆదివారం నాడు రమాకాంత్ తన భుజాన వేసుకున్నాడు. పొద్దున గేటుకు తాళం వేసి, క్యానును అటక మీదికి విసిరాడు.

“ఇయ్యాల్టి సంది బంద్! నిన్న నాదర్‌గుల్ కాడ ప్లాట్లు సూపెట్టి పార్టీని తీస్కొస్తున్న. రోడ్డు మీద బాపు, చేతుల క్యాను. ‘ఈడ పాలు మస్తు దొరుకుతయా’ అని అడిగిండు పార్టీ. నేనేం జెప్పాలె?”

“దొరుకుతయని చెప్తే గజం రేటు పెరుగుతుండె,” అన్నాడు గోపయ్య.

“నవ్వులాట గాదు బాపూ!”

యమున అడ్డం వచ్చింది. “అన్నా, ఒక్కసారిగ బంద్ జేయొద్దు. గా కాంపౌండు కల్లుల మత్తుమందు కలుపుతరు. ఎకాఎకి ఆపితే ఫిట్స్ వస్తయి, మనిషి ఏదేదో మాట్లాడ్తడు. రేపు డాక్టరు దగ్గరికి తీస్కపోదాం.”

“మూడు నెలల సంది రేపే అంటున్నవ్. ఒక్క దినానికి ఏం గాదు. నువ్వు ముందర కూసొని రాస్కో.”

కమలమ్మ కొంగు పిండుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. “తాళమెందుకురా కొడకా? జర ఆలోచించు. ఒక్కసారి పోయొస్తడు తియ్యి.” ఆమె గొంతు వణికింది. ఆ వణుకును పిల్లలిద్దరూ పతిభక్తి కింద జమకట్టారు.

వాదించే ఓపిక యమునకు లేకపోయింది. అంతకంటే చిన్నదైన, అంతకంటే సిగ్గుపడవలసిన కారణం ఇంకొకటుంది. ‘మానేసిన తరువాతి లక్షణాలు’ అన్న పేజీ అరవై రెండు ఫారాల్లోనూ ఖాళీగానే ఉంది.

మధ్యాహ్నం మూడయింది. నాదర్‌గుల్ ఏరోడ్రోమ్ నుంచి లేచిన శిక్షణ విమానం ఇంటి మీదుగా గుయ్యిమంటూ పోయింది. యమున తండ్రిని చేతులు చాపమని, వేళ్ల మీద ఒక తెల్లకాగితం పరిచింది. వణుకుంటే కాగితం చెబుతుంది. కాగితం ఏమీ చెప్పలేదు. రెవెన్యూ రికార్డుల కంటే నిలకడగా ఉండిపోయింది.

“ఇగ దించాల్నా, గిట్లనే పెట్టుకొని పండుకోవాల్నా?” అన్నాడు గోపయ్య. మాట వేళాకోళమే కానీ చూపు వంటింటి వైపే ఉంది.

అప్పుడు వంటింట్లో స్టీలు పళ్లేలు కుప్పగా పడ్డాయి.

కమలమ్మ నేల మీద కూర్చుని ఉంది. రవికె చెమటకు తడిసింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఒకదానితో ఒకదాన్ని ఆపాలని చూస్తోంది. ఆగడం లేదు.

“అమ్మా! ఏమైందే?” యమున పరుగెత్తి వచ్చింది.

“పొలానికి నీళ్లు కట్టిన్రా బిడ్డా? మడి ఎండిపోతది…” అంది కమలమ్మ. ఆమె అడుగుతున్న మడిలో ఇప్పుడు ప్లాట్ నంబరు పద్దెనిమిది ఉంది.

గోపయ్య లేచి నిలబడ్డాడు. ఆ ఇంట్లో ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి. “తాళం తియ్‌రా! ఒక్కటే అని ఎన్నిసార్లు జెప్పిన? కడమ నాలుగు ఆమెవిరా!”

రమాకాంత్ తాళంచెవి కోసం జేబులు వెతికాడు.

“పొలం పోయినంక ఆమెకు నిద్ర వట్టలే. కలుపు తీసిన చేతులు, ఖాళీగ కూసుంటే పిచ్చి లేస్తుండె. నేనే అర సీస తెచ్చి పోసిన, పండుకుంటదని. అర ఒకటైంది, ఒకటి నాలుగైనయి. మొగోన్ని తాగుబోతు అంటే ఊరు నవ్వి ఊకుంటది. ఆమెను అననియ్యొద్దనుకున్న.”

రమాకాంత్ గేటు దగ్గరికి పరుగెత్తాడు. తాళంచెవి మొదట రంధ్రంలోకి పోలేదు. “నాకు తెల్వదమ్మా, నాకు తెల్వదు,” అంటూనే తాళం తీసి, బండి తేవడానికి చెప్పులు లేకుండా పరుగెత్తాడు.

యమున డాక్టరుకు ఫోన్ చేసింది. వెంటనే తీసుకురమ్మని, ఎంత తాగుతుందో, ఎన్నాళ్లుగా తాగుతుందో ఫారం నింపి తెమ్మని, లేకపోతే మందు ఎంత ఇవ్వాలో అంచనా కుదరదని ఆయన చెప్పాడు. ఫోన్ పెట్టి యమున, తల్లి పక్కన నేల మీదే కూలబడింది. తల్లి చేతులు రెండింటినీ తన చేతుల్లోకి తీసుకుంది.

“నా కండ్ల ముందర, ఇన్ని దినాలు… ఎందుకు చెప్పలే అమ్మా?”

కమలమ్మ చూపు మెల్లగా పొలం నుంచి వంటింటికి తిరిగొచ్చింది. కూతురిని గుర్తుపట్టింది. “ఊరంత తిరిగి అడిగినవ్. బాపును పొద్దుమాపు అడిగినవ్. నన్ను ఎవ్వరు అడగలే బిడ్డా.”

యమున ఏడ్చింది. మూడు నెలలుగా గీసిన గీతలన్నీ, వాటి పక్కన తన చక్కని అక్షరాలతో రాసిన ‘నిరాకరణ’ కూడా, ఆ ఏడుపులో ఉన్నాయి. గోపయ్య గోడకు ఆనుకుని కూర్చుని, భార్య నుదుటి చెమటను తువ్వాలతో తుడిచాడు.

“ఇప్పుడు అడుగుత అమ్మా. చెప్తవా?”

“అడుగు. ఒక్కటి గూడ దాయ.”

దాయలేదు. అరవై రెండు గడపల్లో యమునకు దొరకని నిజం, వంటింటి నేల మీద, దొర్లిపోయిన పళ్లేల మధ్య, ముప్పై ఒక్క ప్రశ్నలకూ జవాబుగా వచ్చింది. వీధిలో రమాకాంత్ బండి హారన్ మోగింది. యమున కళ్లు తుడుచుకుని, పేరు రాయడానికి మొదటి పేజీ తిప్పింది. కమలమ్మ అని రాసింది. ఆ కింద ‘ఆడ/మగ’ అన్న గడి దగ్గర కలం ఆగింది.

ఆ గడిలో, రాసేవారికి శ్రమ తగ్గుతుందని, ‘మగ’ అని అచ్చులోనే నింపి ఉంది.